లీకు ఆగాక ఆరిన దీపాలు

ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన వస్తువు ఒక నల్ల రబ్బరు రింగు. అన్నం కంచం అంచంత ఉంటుంది. ఇనప మూతకీ గాజు గొట్టానికీ మధ్య కూర్చుని బయటి గాలి లోపలికి పోకుండా చూడటమే దాని పని. అది పాడైపోయి ఉన్నంతకాలం మా పరిశోధన బ్రహ్మాండంగా సాగింది. దాన్ని మార్పించిన దగ్గర్నుంచి కష్టాలు మొదలయ్యాయి. పరిశోధనలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పమని అడిగితే నేను ఈ సంగతే చెబుతాను. బహుమతులొచ్చిన కథలు చెప్పడానికి వేరేవాళ్ళు చాలామంది ఉన్నారు.

నేను బందరు పక్కన ఒక ఇంజనీరింగు కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. సర్వీసు చివర్లో మా డిపార్టుమెంటుకు ఒక ప్లాస్మా పరికరం వచ్చింది. ప్లాస్మా అనగానే బెదిరిపోనక్కర్లేదు. ట్యూబులైటులో వెలిగేది అదే. గాజు గొట్టంలోని గాలిని పంపుతో లాగేసి, కావలసిన వాయువును కొద్దికొద్దిగా వదిలి, లోపలున్న రెండు పలకల మధ్య ఎక్కువ వోల్టేజీ ఇస్తే ఆ వాయువు వెలగడం మొదలుపెడుతుంది. ఆ వెలుగులో ఉంచిన వస్తువు లోపల ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, పైపొర మాత్రం మారిపోతుంది. చాలా వస్తువుల మంచీ చెడూ ఆ పైపొరలోనే ఉంటుంది కాబట్టి మా పనంతా దానిమీదే.

పరికరం వచ్చిన ఏడాదే నా దగ్గర పీహెచ్‌డీకి ఒక అమ్మాయి చేరింది. పెడన పిల్ల. తండ్రి మగ్గం మీద నేసిన గుడ్డ కలంకారీ అద్దకానికి వెళ్ళేది. మాట మెత్తన, పని దగ్గర మాత్రం మహా మొండిది. ఒకరోజు ఇంటినుంచి అద్దకం పడని తెల్లగుడ్డ తెచ్చి, గాలి తగలకుండా కొలిమిలో కాల్చి, ఆ ముక్కలు నా బల్ల మీద పరిచింది. గుడ్డ బూడిద కాలేదు. నేత నేతలాగే ఉంది, పోగులన్నీ బొగ్గయ్యాయి. పట్టుకుని వంచితే వంగుతోంది.

"దీంట్లో కరెంటు దాచుకోవచ్చు మేడమ్," అంది.

ఆమె చెప్పింది నిజమే. బ్యాటరీ కరెంటును రసాయన మార్పుగా దాచుకుంటుంది. ఈ నల్లగుడ్డను ఉప్పు ద్రావణంలో ముంచితే కరెంటు దాని పోగుపోగు మీదా అంటుకుని కూర్చుంటుంది. అలాంటిదాన్ని సూపర్ కెపాసిటర్ అంటారు. బ్యాటరీ అంత దాచుకోలేదు గానీ త్వరగా నిండుతుంది, ఎన్నిసార్లు నింపి ఖాళీ చేసినా తొందరగా అరిగిపోదు. చిక్కల్లా బొగ్గుకు నీళ్ళంటే గిట్టకపోవడమే. ఆ గుడ్డ మీద నీటిచుక్క వేస్తే చేమాకు మీద వేసినట్టు గుండ్రంగా నిలబడిపోయేది. తడవని పోగు మీద కరెంటు నిలవదు. ఆ గుడ్డనే కాసేపు నైట్రోజన్ ప్లాస్మాలో ఉంచి తీస్తే చుక్క వేసీ వేయకముందే ఇంకిపోయేది. మొదటిసారి అలా ఇంకినప్పుడు మేమిద్దరం గుడ్డలో పొడి జాగా అన్నది లేకుండా పోయేదాకా చుక్కలు వేస్తూ కూర్చున్నాం. నైట్రోజన్ వదిలాం కాబట్టి ఈ మంచి ఫలితమంతా నైట్రోజన్ చలవే అనుకున్నాం. ఆమె థీసిస్ పేరులోకి కూడా నైట్రోజన్ ఎక్కింది.

దీన్ని దేనికి వాడాలో తేల్చింది మా హెడ్డు గారు. వయసులో నాకంటే చిన్నవారు, పుట్టింది దివిసీమలో, కోడూరు వైపు. అక్కడ చిన్న పడవల మీద వేటకు వెళ్ళేవాళ్ళు చీకటి పడే వేళకు వల వేసి, పడవ మీద ఒక దీపం పెట్టుకుంటారు. ఆ దీపం చూసే పెద్ద మరబోట్లు పక్కకి తప్పుకుంటాయి. మామూలు బ్యాటరీ దీపాలు ఉప్పుగాలికి తుప్పు పట్టి, కొన్నాళ్ళకే మొరాయిస్తున్నాయట. మీ నల్లగుడ్డతో ఒక దీపం చేయండి, పగలు చిన్న సోలారు పలకతో నిండి, వల తీసేదాకా వెలిగితే చాలు అన్నారాయన. ఆయనకు ఆ ఊళ్ళో ఒక మత్స్యకార దంపతులు బాగా తెలుసు. చిన్నప్పటి స్నేహం. బంధుత్వం ఏమీ లేకపోయినా అతన్ని "బావా" అనే పిలిచేవారు.

మొదటి దీపాలు మేమే చేత్తో కట్టాం. నల్లగుడ్డ ముక్కల్ని దొంతరగా పేర్చి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, పైన చిన్న ఎల్ఈడీ పెట్టాం. చూడ్డానికి అన్నం క్యారేజీలా ఉండేది. కోడూరు వెళ్ళి కొన్ని పడవలకు ఇచ్చి వచ్చాం. నెలలు గడిచాయి, ఒక్కదాని గురించీ ఫిర్యాదు లేదు. పక్క పడవల వాళ్ళు మాకూ కావాలని అడుగుతున్నారని హెడ్డు గారు కాలేజీలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు.

రెండో విడత దీపాలకు గుడ్డ తయారు చేయాల్సిన సమయంలోనే మా పంపు మూలగడం మొదలుపెట్టింది. లోపలి పీడనం ఎంతసేపటికీ దిగదు. గుడివాడలో వాక్యూమ్ పంపులూ, ఐస్ ఫ్యాక్టరీ యంత్రాలూ బాగుచేసే ఒక మెకానిక్కు ఉన్నాడు. పిలిపించాం. అతను మూత విప్పి, వంకరపోయి చిట్లిన ఆ రింగును వేలికి తగిలించుకుని చూపించాడు. ఇంతకాలం దీంతో ఎలా నెట్టుకొచ్చారండీ అని నవ్వాడు. కొత్త రింగు వేసి, పంపులో నూనె మార్చి, అన్ని బోల్టులూ బిగించాడు. మీటరు ముల్లు మేమెన్నడూ చూడని చోటికి దిగింది. నైట్రోజన్ వెలుగు కూడా స్వచ్ఛమైన రంగుకు తిరిగింది. ఆ సాయంత్రం హెడ్డు గారు బందరు లడ్డూలు తెప్పించి అందరికీ పంచారు. మెకానిక్కుకు ఒక ప్యాకెట్టు విడిగా కట్టించి ఇచ్చారు.

ఆ శుభ్రమైన ప్లాస్మాలో చేసిన గుడ్డతో రెండో విడత దీపాలు కట్టాం. చేసిన రోజు చుక్క ఇంకింది, కొలతలు సరిగ్గా ఉన్నాయి. ఆ దంపతుల పాత దీపాన్ని పరీక్షల కోసం తీసుకుని, వాళ్ళకూ కొత్తదే ఇచ్చాం.

కొన్ని వారాలు తిరక్కుండానే కోడూరు నుంచి హెడ్డు గారికి ఫోనొచ్చింది. వల వేసిన కాసేపటికే ఆ దంపతుల పడవ దీపం ఆరిపోయిందట. చీకట్లో మరబోటు వాళ్ళను చూడలేదు. పడవకు బెత్తెడు దూరంలోంచి పోయింది గానీ, వల మాత్రం బోటు పంకాకు చుట్టుకుని ముక్కలైపోయింది.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. బస్సు మోపిదేవిలో ఆగినప్పుడు హెడ్డు గారు దిగి గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. ఊళ్ళో ఆ భర్త మమ్మల్ని ఏమీ అనలేదు. బావా, మనుషులం దక్కాం కదా అన్నాడు, అంతే. భార్య మాత్రం చిరిగిన వల ముందు పెట్టుకుని, బాగుపడే ముక్కల్ని వేరు చేస్తూ, తలెత్తకుండా అంది:

"పాత బ్యాటరీ దీపం ఆరిపోయేదేనండి, కాకపోతే ముందే మిణుకు మిణుకుమనేది. జాగర్తపడేవాళ్ళం. మీది మొన్నటిదాకా బాగా ఎలిగి మమ్మల్ని నమ్మించింది టీచరమ్మగారూ. నమ్మించి ఆరిపోయేదాన్ని మేం పడవెక్కించుకోం."

మేం రెండో విడత దీపాలన్నీ వెనక్కి తీసుకున్నాం. తిరుగు ప్రయాణంలో ఆ అమ్మాయి దీపాల సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు ఇవ్వమన్నా ఇవ్వలేదు.

ల్యాబులో విప్పి చూస్తే దీపాల్లో వైర్లు బాగున్నాయి, డబ్బాలోకి సముద్రపు నీరు దిగలేదు. నల్లగుడ్డే సగానికి పైగా సత్తువ పోగొట్టుకుంది. డబ్బాలో దాచిన మిగులు ముక్కల మీద నీటిచుక్క వేశాం. చేసిన రోజు గుటుక్కున మింగిన గుడ్డ మీద ఇప్పుడు చుక్క నిలబడిపోయింది. మొదటి విడత పాత ముక్కలు మాత్రం ఇంకా మింగుతూనే ఉన్నాయి. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?

మారినవాటిని ఒక్కొక్కటే పట్టుకున్నాం. ఉప్పు ద్రావణం కొత్త సీసాలోది. పాత సీసాతో చేసి చూశాం, తేడా లేదు. మొదటి విడత ఎండాకాలంలో చేశాం, రెండోది వానల్లో. గుడ్డను ఓవెన్లో ఆరబెట్టి చేశాం, తేడా లేదు. ఇక గుడ్డ. ఆ అమ్మాయి పెడన వెళ్ళి నూలు ఏమైనా మార్చావా నాన్నా అని అడిగింది. ఆయనకు కోపమొచ్చింది. కూతురు తన నేతను అనుమానిస్తోందని రెండు పూటలు అన్నం దగ్గర మాట్లాడలేదట. చివరికి తనే మొదటి తానులో మిగిలిన ముక్క వెతికి తెచ్చి ఆమె బ్యాగులో పెట్టాడు. దాంతో చేసినా ఫలితం అదే. ఆయన నేతలో ఏ లోపమూ లేదు.

ఇవన్నీ అయ్యాక ఒకరోజు ఆమె నా గదిలోకి వచ్చి నిలబడింది.

"ఇంకొకటే మిగిలింది మేడమ్. పరికరాన్ని బాగుచేయించడం."

ఆ మాట ఎంత పెద్దదో మా ఇద్దరికీ తెలుసు. లీకు ఉన్నప్పుడు గుడ్డ బాగా వచ్చి, లీకు ఆగాక చెడిందీ అంటే, మేం వదిలిన నైట్రోజన్ కాక, మాకు తెలియకుండా చిట్లిన రింగు సందులోంచి దూరిందేదో ఆ మంచి చేసింది. అంటే ఆమె థీసిస్‌లో కొలతలన్నీ నిజం, వాటికి మేం చెప్పిన కారణం తప్పు.

ముందు గుడివాడ వెళ్ళాం, పాత రింగు దొరుకుతుందేమోనని. మెకానిక్కు తెల్లబోయాడు. చెత్తలో పారేసిన రింగు కోసం ఇంతదూరం వచ్చారా అండీ అన్నాడు. పోనీ, కొత్త రింగు మీదే అలాంటి గాటు ఒకటి పెట్టి ఇస్తావా అని అడిగాను. అతను చేతులు తుడుచుకుని, చాలా మర్యాదగా, "బాగుచేయమంటే ఎన్నిసార్లయినా వస్తాను మేడంగారూ. పాడుచేయమంటే మాత్రం నా వల్ల కాదండి," అన్నాడు. టీ తాగించి మరీ పంపించాడు.

ఆ పని మేమే చేశాం. మూత బోల్టులు రెండు కొద్దిగా వదులు చేశాం. మీటరు ముల్లు పాత చోటికి, ఆ పనికిమాలిన చోటికి, పైకెక్కింది. గుడ్డ పెట్టి తీశాం. ఆ రోజు చుక్క ఇంకడం పెద్ద విశేషం కాదు, ఎలా చేసినా మొదటిరోజు ఇంకుతుంది. వారాలు గడిచాక ఏమవుతుందన్నదే ప్రశ్న. కొలత తీయడం ఒక పని, కొలత కోసం కాచుకుని కూర్చోవడం ఇంకో పని. రెండోది ఎవరూ నేర్పరు. మేం బిగించి చేసిన గుడ్డ ఒక డబ్బాలో, వదులు చేసి చేసిన గుడ్డ ఇంకో డబ్బాలో వేసి బీరువాలో పెట్టి, వాటి జోలికి పోకుండా పాఠాలు చెప్పుకుంటూ, పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాం. ఆమె ఆ బీరువా తాళం నా దగ్గర ఉంచమంది, తన చేతుల మీద తనకు నమ్మకం లేదని.

తెరిచిన రోజు, బిగించి చేసిన గుడ్డ మీద చుక్క నిలబడింది. వదులు చేసి చేసిన గుడ్డ చుక్కను మింగేసింది. ఆమె సంతోషించలేదు, ఏడవనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "అయితే లోపలికి వచ్చింది గాల్లో ఏది?" అంది.

గాల్లో ఆక్సిజన్ ఉంది. అదేనేమోనని సిలిండరులోని పొడిగాలిని కొద్దిగా వదిలి చేశాం. గుడ్డ కొంత మెరుగైంది గానీ నిలవలేదు. బందరు గాల్లో ఇంకొకటి కూడా ఉంది. దండెం మీద బట్టలు సాయంత్రం దాకా ఆరనివ్వనిది, ఉప్పుడబ్బాలో ఉప్పును ముద్ద చేసేది. నైట్రోజన్‌ను నీటి సీసాలోంచి బుడగలుగా పోనిచ్చి, ఆ తేమతో సహా లోపలికి వదిలాం. మళ్ళీ డబ్బా, మళ్ళీ తాళం. ఈసారి తీసిన గుడ్డ పాత గుడ్డలకన్నా బాగా మింగింది. ప్లాస్మాలో నీటి ఆవిరి ముక్కలై బొగ్గు పోగులకు గట్టిగా అతుక్కుంటోంది. మా పరిశోధనను ఇన్నాళ్ళూ నిలబెట్టింది సముద్రం మీదినుంచి వచ్చే చెమ్మగాలి.

ఈలోగా ప్రాజెక్టు సమీక్షకు బయటినుంచి కమిటీ వస్తున్నట్టు కబురొచ్చింది. వాళ్ళు సరేనంటేనే ప్రాజెక్టు కొనసాగుతుంది, ఆ అమ్మాయి థీసిస్ ముందుకు కదులుతుంది. హెడ్డు గారు తలుపు దగ్గరికి వేసి మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు. మొదటి విడత గుడ్డలు ఇంకా పనిచేస్తున్నాయి కదా, అవే చూపిద్దాం, లీకు గొడవ తరవాత తీరిగ్గా రాసుకోవచ్చు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన గొంతు తగ్గించి అన్నారు:

"మనం అబద్ధం చెప్పడం లేదు మేడమ్. చెప్పకుండా ఊరుకుంటున్నాం, అంతే."

ఆ అమ్మాయి వెంటనే అందుకుంది. "చెప్పకుండా ఊరుకుంటే ఇంకో కాలేజీ వాళ్ళు మన పేపరు చదివి, మంచి రింగు వేసుకుని, పొడి నైట్రోజన్‌తో చేస్తారు సర్. వాళ్ళ దీపాలూ ఆరిపోతాయి. ఆ పడవల్లో ఎవరుంటారో మనకు తెలియదు."

ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. ఆయన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. డిపార్టుమెంటు నడిపే మనిషికి భయాలుంటాయి. ఆ భయాల వల్లే మాకు పరికరమూ వచ్చింది, కరెంటు పోయినప్పుడల్లా జనరేటరూ నడిచింది.

కమిటీ వచ్చిన రోజు ఉక్కపోత. ఫ్యాన్లు తిరుగుతున్నా కాగితాలు చేతులకు అంటుకుంటున్నాయి. వచ్చినవాళ్ళలో పెద్దావిడ ఒకరు, ఈ రంగంలో జుట్టు నెరిపించుకున్న మనిషి, ముందు వరసలో కూర్చున్నారు. హెడ్డు గారు లేచి ప్రాజెక్టు గురించి మొదలుపెట్టారు. ఆయన చేతిలో మొదటి విడత ఫలితాల స్లైడ్లే ఉన్నాయని నాకు తెలుసు. మా స్లైడ్లు ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఆయన చూపించకపోతే నేను లేచి చెప్పాలని ముందే నిశ్చయించుకుని వచ్చాను. కుర్చీ అంచున కూర్చున్నాను.

రెండు స్లైడ్లు కూడా కాకముందే పెద్దావిడ చెయ్యెత్తి, "దీపాలు పడవల మీద ఎలా పనిచేస్తున్నాయి?" అని అడిగారు.

హెడ్డు గారు తెర వైపు చూశారు. తరవాత మా వైపు చూశారు. రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"కొన్ని ఆరిపోయాయండి," అన్నారు. "మా బావ వాళ్ళ పడవలో కూడా. మనుషులకు ప్రాణం మీదికొచ్చింది. ఎందుకు ఆరిపోయాయో ఈ అమ్మాయి చెబుతుంది." అని పక్కకి తప్పుకుని, తన కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఆమె రెండు డబ్బాలు తెరిచింది. రెండు నల్లగుడ్డలు పక్కపక్కన పరిచి, పెద్దావిడ చేతికి డ్రాపరిచ్చి, మీరే వేయండి మేడమ్ అంది. ఒక చుక్క నిలబడింది, ఒక చుక్క మాయమైంది. చిట్లిన రింగు దగ్గర్నుంచి నీటి సీసా దాకా జరిగింది జరిగినట్టు చెప్పింది. అంతా విని పెద్దావిడ, అయితే ఇన్నాళ్ళూ మీరు చెప్పిన కారణం తప్పన్నమాట అన్నారు.

"అవునండి. కారణం తప్పు. ఇప్పుడు చెబుతున్నదాన్ని కూడా మళ్ళీ మొదటినుంచి కొలిచి చూపించాలి. చూపిస్తాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దావిడ సూటి మనిషి. థీసిస్ పేరు మార్చాలన్నారు, పాత కొలతలన్నీ తేమను లెక్కలోకి తీసుకుని తిరిగి చేయాలన్నారు, అది తేలేదాకా ఒక్క దీపం కూడా పడవ ఎక్కకూడదన్నారు. ప్రాజెక్టు ఆపలేదు, అదే మాకు దక్కింది. వెళ్ళేముందు ఆ గుడ్డ ముక్క ఒకటి తనకిమ్మని అడిగి, రుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్ళారు.

తరవాతి నెలలు చెప్పుకోవడానికి ఏమీ లేని నెలలు. చేసిన పనే మళ్ళీ చేశాం. నీటి సీసాకీ గొట్టానికీ మధ్య సన్నటి వాల్వు ఒకటి పెట్టించి, తేమ ఎంత పోవాలో మేమే తిప్పి నిర్ణయించేలా చేశాం. ఆ వాల్వు బిగించడానికి గుడివాడ మెకానిక్కే వచ్చాడు. ఇది పాడుచేయడం కిందికి రాదు కదాండీ అని అడిగి మరీ బిగించాడు. తేమ ఎక్కువైతే వెలుగు నిలవదు, తక్కువైతే గుడ్డ నిలవదు. ఆ మధ్యన సరైన చోటు పట్టుకోవడానికే కాలమంతా పట్టింది. నా రిటైర్మెంటు ఆ మధ్యలోనే వచ్చింది. శాలువా కప్పారు, ఫోటోలు తీశారు, మంచి మాటలు చెప్పారు. మర్నాడు పొద్దున్న మామూలు బస్సెక్కి ల్యాబుకు వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను చూసి ఆశ్చర్యపోకుండా కొలతలు చదవమని కాగితం చేతికిచ్చింది. రిటైరయ్యాక నాకు దొరికిన గౌరవాల్లో అది పెద్దది.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. చెడిన ఫలితాన్ని అందరం అనుమానిస్తాం. మంచి ఫలితాన్ని కూడా అంతే అనుమానించాలని పుస్తకాల్లో ఉంటుంది, చేతులు మాత్రం రావు. లడ్డూలు పంచుకున్న రోజును తిరిగి తవ్వుకోవడానికి మనసొప్పదు. ఆ అమ్మాయికి చేతులొచ్చాయి. ఆమె ఇప్పుడు వేరే ఊళ్ళో తన ల్యాబు తాను నడుపుతోంది. తెలివి నాక్కూడా అంతో ఇంతో ఉంది. ఆ మొండితనం మాత్రం ఆమె దగ్గరే చూశాను.

కొత్త గుడ్డ ల్యాబులో నెలల తరబడి నిలిచాక, కమిటీ అనుమతి వచ్చాక, దీపం పట్టుకుని కోడూరు వెళ్ళాం. దాని సత్తువ తగ్గుతున్నప్పుడు ముందే మిణుకుమనేలా చిన్న ఏర్పాటు కూడా పెట్టాం. భర్త దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. భార్య ముట్టుకోలేదు.

"మళ్ళీ మా మీదేనా టీచరమ్మగారూ పరీచ్చ?" అంది.

హెడ్డు గారు ఏదో సర్దిచెప్పబోయారు. ఆ అమ్మాయి ఆయన్ని ఆపి, ఇవాళ మీ పడవలో మేమూ వస్తాం అంది. నాకు ఈత రాదు. ఆ మాట పైకి అనలేదు. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, చీరలు పైకి దోపుకోమని మాత్రం చెప్పింది.

పొద్దు గుంకుతుండగా పడవ కదిలింది. హెడ్డు గారు ఒడ్డునే ఉండిపోయారు, బరువెక్కువవుతుందని. మొలలోతు దాటాక నేను పడవ అంచు వదల్లేదు. దంపతులిద్దరూ వల వేశారు. వెలుతురు పోతూంటే దీపం వెలిగింది. మా పక్కనున్న నీళ్ళు కనిపించడం మానేసి, దీపం చుట్టూ ఉన్న కాసిని మాత్రమే కనిపించాయి. వల మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు వల వైపు, మేం దీపం వైపు చూస్తూ కూర్చున్నాం.

అలా చాలాసేపు గడిచాక మరబోటు చప్పుడు వినపడింది. తిన్నగా మా వైపే వస్తోంది. భర్త లేచి నిలబడ్డాడు. చప్పుడు పెరిగింది, బోటు ముందు తెల్లటి నురగ కూడా కనిపించింది. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, ఎవరికి ధైర్యం చెప్పడానికో తెలియదు. అప్పుడు ఆ నురగ ఒక పక్కకి వంగింది. బోటు మా వలకు దూరంగా చుట్టు తిరిగి వెళ్ళిపోయింది. దాని అల మాత్రం వచ్చి మా పడవను ఒకసారి ఎత్తి దించింది.

ఆ అమ్మాయికి కళ్ళనీళ్ళు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. కమిటీ ముందు కూడా ఏడవని పిల్ల. భార్య ఆమెను చూసింది, దీపాన్ని చూసింది, వల తాడు అందుకుంది.

"చేతులు ఖాళీగానే ఉన్నాయి కదమ్మా," అంది. "ఈ కొస పట్టుకో. లాగుదాం."